రిపోర్టు ఎప్పుడొస్తది సారూ?

(ఇబ్రహీంపట్నంలో ఇచ్చిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ సభ ఎవరి స్మారకంగా జరుగుతోందో ఆ సారు, పొగడ్తలతో మొదలుపెడితే ఒప్పుకునేవారు కాదు. ఈ చుట్టుపక్కల ప్రభుత్వ బడుల్లో జీవశాస్త్రం చెప్పినంత కాలం ఆయన పిల్లల్ని వేధించిన ప్రశ్న ఒక్కటే: "ఇది నీకెట్ల తెలుసు?" పుస్తకంలో ఉంది సార్ అంటే, పుస్తకం రాసినాయనకు ఎట్ల తెలిసింది అని అడిగేవారు. నిర్వాహకులు నాకు 'వైద్య పరిశోధన, గ్రామీణ ఆరోగ్యం' అని పెద్ద అంశమే ఇచ్చారు. అంత నా వల్ల కాదు. అందులోంచి ఒక్క ముక్క తీసుకుంటాను. పరిశోధన ఫలితం కోసం రోగి ఎన్నాళ్లు ఎదురుచూడాలి? ఆ ఎదురుచూపులో నిజంగా తప్పనిది ఎంత, మనం నెత్తిన పెట్టింది ఎంత?

ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు. ఇక్కణ్నుంచి సాగర్ రోడ్డు పట్టుకొని యాచారం, మాల్ దాటితే నల్లగొండ జిల్లా. ఆ పక్కనే ఫ్లోరైడ్ నీళ్లకు పేరుపడ్డ మర్రిగూడ, చింతపల్లి, నాంపల్లి, కొంచెం పైన మునుగోడు. మీలో అటు చుట్టాలు లేనివాళ్లు తక్కువ. జిల్లా హద్దు మారినా కింద రాయి మారదు. మంచాల, యాచారం వైపు కూడా ఫ్లోరైడ్ నీళ్ల మాట కొత్త కాదు. పక్కన మహేశ్వరంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కలిసి భూగర్భజలాల మీద ఏళ్ల తరబడి చేసిన పనిలోనూ ఫ్లోరైడ్ ఒక అధ్యాయం.

ఆ నీళ్లతో వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో ఈ జబ్బును మొదట పసిగట్టింది డాక్టర్లు కాదు, రైతులు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. అక్కడి రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారు. మనుషుల్లోనూ అదే కనబడింది. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు దీని మీద వ్యాసం అచ్చువేశారు. కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని అప్పుడే తేలింది. ఆ సంవత్సరం గుర్తు పెట్టుకోండి, దాంతో మళ్లీ పని ఉంది.

జబ్బు ఎట్లా వస్తుందో రెండు మాటల్లో చెబుతాను. మన గ్రానైటులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచి, వాటిలో సున్నం తక్కువై క్షారగుణం ఎక్కువైతే ఫ్లోరైడ్ కరుగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా తాగవచ్చు అని మన ప్రమాణం. నల్లగొండ జిల్లాలోని కుర్మపల్లి వాటర్‌షెడ్‌లో 20 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు కూడా దొరికాయి. ఒంట్లోకి పోయిన ఫ్లోరైడ్‌లో కొంత మూత్రంలో పోతుంది, కొంత ఎముకలో చేరుతుంది. ఎముక మందమవుతుంది కానీ గట్టిపడదు. కీళ్ల దగ్గర పట్టీల్లాంటి లిగమెంట్లు కూడా ఎముకలాగా మారతాయి. వెన్నుపూసల మధ్య దారి ఇరుకై నరాల మీద ఒత్తిడి పడితే కాళ్లు పడిపోతాయి. హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఈ నరాల సంగతిని దశాబ్దాల పాటు పరిశీలించి రాశారు.  

నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి 1955లో సిద్ధిఖీ అనే డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1973లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్‌లో ఒక వ్యాసం వేశారు. ఎదిగే పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి తగిలి, పాదాలు దూరంగా పోయే వంకర కొత్తగా కనబడుతోందని ఆ వ్యాసం చెప్పింది. వాళ్లు కారణం వెతుకుతూ పోయి నాగార్జునసాగర్ దాకా వెళ్లారు. ప్రాజెక్టు వచ్చాక భూగర్భజలం పైకి వచ్చింది, నేల క్షారగుణం పెరిగింది, జొన్నల్లో మాలిబ్డినం ఎక్కువైంది, అది ఒంట్లోంచి రాగిని తోసేస్తోంది, రాగి తగ్గిన ఎముక మీద ఫ్లోరైడ్ దెబ్బ ఇంకా గట్టిగా పడుతోంది అని వాళ్ల వాదన. అంటే పంటకు నీళ్లిచ్చిన ప్రాజెక్టు తాగే నీటి జబ్బుకు కొత్త రూపం ఇచ్చిందని. ఇంత సూక్ష్మంగా ఆలోచించిన పరిశోధన మన ఊళ్ల మీద జరిగిందని మనలో ఎంతమందికి తెలుసు? ఆ జొన్నలు పెట్టిన ఇళ్లవాళ్లకు తెలుసా?

అదే దశాబ్దంలో నాగపూర్‌లోని నీరి సంస్థవాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను దింపే పద్ధతి ఒకటి తయారుచేశారు. దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. కదిరిలో ఒక ప్లాంటు పెట్టారు. టాంజానియా, కెన్యా, ఇథియోపియా దాకా ఆ పేరు పోయింది. ఆఫ్రికాలో నీళ్ల ఇంజనీర్లకు నల్లగొండ తెలుసు. ఆ పేరు పెట్టుకున్న జిల్లాలో మాత్రం ఆడవాళ్లు బోరింగు కొట్టుకుంటూ అవే నీళ్లు తెచ్చుకున్నారు. పద్ధతి చెడ్డది కాదు. రోజూ పటిక కొలిచి పోసే మనిషి, అడుగున చేరే బురదను తీసి పారేసే మనిషి ఊళ్లో జీతం మీద ఉండాలి. పరిశోధనలో ఆ మనిషి జీతం లెక్క ఉండదు.

చింతపండు సంగతి కూడా చెప్పాలి, మనకు ఇష్టమైన విషయం కదా. 2002లో పోషకాహార సంస్థకే చెందిన ఖండారే, ఆయన సహచరులు మగపిల్లలకు అన్నంతో పాటు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. ఇది వంకర కాళ్లను సరిచేసే మందు కాదు. ఆ మాట అధ్యయనం ఎక్కడా అనలేదు. కానీ నోటి మాటగా ఊళ్లోకి వచ్చేసరికి 'చింతపండు తింటే ఫ్లోరిన్ పోతదట' అయింది. ఫలితం ఊరికి చేరకపోతే వదంతి చేరుతుంది.

1937లో కారణం తెలిసింది. ఎముకలో ఏం జరుగుతుందో 1950ల నుంచి తెలుసు. ఫ్లోరైడ్ తీసే ఉపాయం 1970ల్లో దొరికింది. అయినా 1980ల్లో, 90ల్లో మన దగ్గరికి వచ్చిన రోగి అడిగింది ఏమిటి? "రిపోర్టు ఎప్పుడొస్తది సారూ?" క్యాంపు వస్తుంది. ఎక్స్‌రే తీస్తారు, సీసాలో మూత్రం పట్టుకుపోతారు, కొలతలు రాసుకుంటారు, పోతారు. రెండేళ్లకు ఇంకో సంస్థ, ఇంకో సీసా. నేను దవాఖానలో ఎన్నోసార్లు విన్న మాట: "పోయినసారి పట్కపోయిన దాని సంగతేంది?" ఆ సంగతి ఏదో ఇంగ్లీషు పత్రికలో అచ్చయి ఉంటుంది. ఈ మనిషి అందులో ఒక చుక్క.

నా వాదన ఇదే. మన ఫ్లోరోసిస్ ఊళ్లు పరిశోధన ఫలితం కోసం ఎదురుచూశాయని అనుకుంటాం. అది నిజం కాదు. ఫలితం ఎప్పుడో వచ్చింది. వాళ్లు ఎదురుచూసింది నీళ్ల కోసం. చేయాల్సిన పని ఆలస్యమైనప్పుడు దానికి 'ఇంకా అధ్యయనం జరుగుతోంది' అని పేరు పెట్టడం సర్కారుకు సులువు, డాక్టర్లకు గౌరవం, సంస్థలకు నిధులు. రోగికి మాత్రం ఫలితం ఆలస్యం, పని ఆలస్యం రెండూ ఒకే ఎదురుచూపుగా కనబడతాయి.

కృష్ణా నీళ్లు హైదరాబాదుకు పోయే దారి మీకు నేను చెప్పనక్కర్లేదు. కోదండాపూర్‌లో శుద్ధి అయి, నాసర్లపల్లి, గోడకొండ్ల మీదుగా ఎక్కుకుంటూ వచ్చి గున్‌గల్ చేరి, అక్కణ్నుంచి వాలు మీద సాహెబ్‌నగర్‌కు దిగుతాయి. గున్‌గల్ మన యాచారం మండలమే. 2000ల మొదట్లో ఆ పైపులు వేస్తుంటే పొలాల్లోంచి చూసినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. పట్నానికి నీళ్లు పోవద్దని ఎవరూ అనలేదు. కానీ పైపుకు అటూ ఇటూ ఉన్న ఊళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగుతుండగా పైపు వాటి మధ్యలోంచి పోయిందంటే, అక్కడ కొరత సైన్స్‌ది కాదు.

జనానికి ఇది అర్థమైంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీచేశారు. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి ఫ్లోరైడ్ నీళ్ల మీద చేసిన నిరసన అది. బ్యాలెట్ పేపరును పుస్తకంలాగా కుట్టాల్సి వచ్చింది, పోలింగ్ వాయిదా పడింది. ఎదురుచూసే రోగులు ఓపికగా కూర్చుంటారని అనుకునేవాళ్లకు ఆ బ్యాలెట్ పుస్తకం చూపించాలి. మర్రిగూడ మండలం శివన్నగూడకు చెందిన ఫ్లోరోసిస్ బాధితుడు అంశాల స్వామిని చిన్నప్పుడు ఢిల్లీ తీసుకెళ్లి అప్పటి ప్రధాని వాజపేయి ముందు పెట్టింది కూడా ఆ సమితే. ఆ స్వామి 2023 జనవరిలో చనిపోయాడు. తన శరీరాన్నే సాక్ష్యంగా ఇన్నేళ్లు అందరికీ చూపించిన మనిషి. అట్లా చూపించడం ఎంత బరువో ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు.

చౌటుప్పల్ దగ్గర మల్కాపురంలో ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం పెడతామన్నారు. అది ఏళ్లు గడిచినా లేవలేదు. 2022 మునుగోడు ఉప ఎన్నిక ప్రచారానికి మాత్రం బాగా పనికొచ్చింది.

ఇక రోగులు ఈ ఎదురుచూపు కాలాన్ని ఎట్లా గడిపారు అన్నది. ఎదురుచూడటం అంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం అని బయటివాళ్లు అనుకుంటారు. అందులో చాకిరీ ఉంది, లెక్కలున్నాయి. ఎక్స్‌రే ఫిల్ము పాలిథిన్ కవర్లో చుట్టి ఇంటి దూలం సందులో పెట్టుకుంటారు, ఎందుకంటే కొత్త డాక్టరు పాతది అడుగుతాడు. కడుపుతో ఉన్న కోడలిని నీళ్లు మంచిగున్న ఊరికి పంపుతారు. పిల్లను ఇచ్చేటప్పుడు అవతలివాళ్లు ఊరి పేరు విని ఆగుతారు, అందుకని మేనమామ ఊరి పేరు ముందు చెప్తారు. ఫిల్టర్ నీళ్ల క్యాన్ ఇంట్లో అందరికీ కొనలేరు. పిల్లలకు క్యాన్ నీళ్లు, ముసలోళ్లకు బోరు నీళ్లు. "మావి ఎట్లనన్న పోయినయి, వాళ్లవన్న నిలబడనీ" అని ఒక పెద్దమ్మ అన్నమాట ఏ వైద్య పత్రికలోనూ చదవలేదు, కానీ ఫ్లోరోసిస్‌కు సంబంధించి ఇంతకన్నా సరైన నివారణ సూత్రం లేదు. పన్ను, ఎముక ఏర్పడే వయసునే కాపాడాలి.

నొప్పికి మాత్రం వాళ్లు ఆగలేరు. ఆర్‌ఎంపీ దగ్గర సూది, మెడికల్ షాపులో గోళీలు. నొప్పి గోళీలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీ దెబ్బతింటుంది. ఫ్లోరైడ్‌ను ఒంట్లోంచి పంపేది ఆ కిడ్నీయే. స్టెరాయిడ్ సూదులు ఎముకను ఇంకా గుల్ల చేస్తాయి. ఎదురుచూపు ఖరీదు ఇక్కడ కనబడుతుంది. ఆ మనిషికి మొదటిరోజే ఎవరైనా కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పి ఉంటే సగం ఆపవచ్చు. వంగిన ఎముక మందుతో తిరిగిరాదు. నీళ్లు మారిస్తే ఒంట్లో ఫ్లోరైడ్ తగ్గుతుంది, కానీ ఎముకలోది దిగడానికి ఏళ్లు పడుతుంది. వెన్ను నొక్కుకుపోయినవాళ్లలో కొందరికి ఆపరేషన్ ఉపయోగపడుతుంది, అందరికీ కాదు. పాలు, కూరలు, సున్నం ఉన్న తిండి మంచిది. ఇవి చెప్పడానికి కొత్త రిపోర్టు ఏదీ రానక్కర్లేదు. "తెలిసింది ఇది, తెలియనిది ఇది, మళ్లీ ఫలానా నెల వచ్చి చెప్తా" అంటే మనిషి స్థిమితపడతాడు. చెప్పిన నెలలో పోకపోతే అసలు చెప్పకపోవడమే మేలు.

ఈ ఊళ్లో నిలబడి ఇంకో ఎదురుచూపు గురించి మాట్లాడకపోతే తప్పు. 2022 ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకేరోజు 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాతి రోజుల్లో నలుగురు చనిపోయారు. మిగతా ముప్ఫై మందిని పరీక్షించారు, కొందరిని హైదరాబాద్ తీసుకెళ్లారు. విచారణ వేశారు. చనిపోయినవాళ్ల గురించి అందరం మాట్లాడుకున్నాం. ఆ ముప్ఫై మంది సంగతి? జ్వరం లేకపోయినా ఒళ్లు తడిమి చూసుకుంటూ గడిపిన రాత్రులు వాళ్లవి. విచారణ కూడా ఒక పరిశోధనే, దాని ఫలితం మొదట వినాల్సింది వాళ్లు. ఇందులోనూ తెలియనిది తక్కువే. ఇట్లాంటి స్టెరిలైజేషన్ క్యాంపులు మూడేళ్లలో మాన్పించమని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులోనే, దేవికా బిస్వాస్ కేసులో చెప్పింది. ఆ గడువు 2019తో అయిపోయింది.

కారణం తెలిసీ పని ఆగడానికి ఎదురు ఉదాహరణ ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడిమామిడి తోటల మధ్య కిడ్నీలు ఎందుకు చెడిపోతున్నాయో రెండు దశాబ్దాలకు పైగా వెతుకుతున్నారు. నీళ్లా, పురుగుమందులా, ఎండలో ఒళ్లు ఎండబెట్టే పనా, పుట్టుకతో వచ్చేదా? శ్రీలంకలోనూ, మధ్య అమెరికా చెరుకు తోటల్లోనూ ఇదే ప్రశ్న. ఇది నిజమైన ఎదురుచూపు. ఎవరూ దాచలేదు, ఎవరికీ తెలియదు. అక్కడ కూడా ఆలస్యాలు జరిగాయి, తిట్టుకోవాల్సినవి చాలా ఉన్నాయి. కానీ కారణం తేలకముందే డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి, డయాలసిస్ రోగులకు పింఛను వచ్చింది, హిరమండలం నుంచి 700 కోట్ల రూపాయల మంచినీటి పథకం వచ్చింది, 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రంతో పాటు ఆసుపత్రి తెరిచారు. నీళ్లే కారణమని రుజువు కాలేదు. అయినా మంచినీళ్లు ఇస్తే నష్టం లేదు. కారణం తెలియని ఊళ్లో పని మొదలైంది. కారణం తెలిసిన మన పక్క ఊళ్లలో దశాబ్దాలు ఆగింది. దీన్ని సైన్స్ మీద తోసేయడం అన్యాయం.

అయితే పరిశోధకులను వదిలేద్దామా? వద్దు. పరిశోధనలో పాల్గొన్న మనిషికి దాని ఫలితం తెలుసుకునే అవకాశం ఇవ్వాలని వైద్య పరిశోధన నీతి మీద వచ్చిన హెల్సింకి ప్రకటన చెబుతుంది. ఫలితాలను ఆ సమాజానికి చేర్చాలని 2017 నాటి ఐసీఎమ్‌ఆర్ మార్గదర్శకాలు కూడా చెబుతాయి. ఇవి కాగితాల మీద ఉన్నాయి, మన పంచాయతీలకు తెలియవు. ఇకమీద ఏ బృందం వచ్చి రక్తం తీసినా, మూత్రం పట్టినా, సర్పంచ్ ముందు మూడు మాటలు రాసివ్వమనండి: దేనికోసం, ఫలితం ఎప్పుడు, వచ్చి తెలుగులో చెప్పేది ఎవరు. రాసివ్వనివాళ్లకు సీసా ఇవ్వకండి. ఇది మొండితనం అంటారు. అననివ్వండి.

చివరగా ఇంకో నిజమైన ఎదురుచూపు గురించి, ఎవరి తప్పూ లేనిది. 2016 తర్వాత మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఈ ఊళ్లకు రావడం మొదలైంది. కొత్తగా ఫ్లోరోసిస్ రావడం లేదని ప్రకటనలు వచ్చాయి. అంత తొందరగా ఎట్లా తెలుస్తుంది? సారు అడిగే ప్రశ్న ఇక్కడ అడగాలి. పెద్దవాళ్ల ఎముకలో జబ్బు ముదరడానికి ఏళ్లు పడుతుంది, కాబట్టి ఎముకలు ఇప్పుడే జవాబివ్వవు. పళ్లు ఇస్తాయి. ముందు కనబడే శాశ్వత పళ్ల పైపూత పుట్టినప్పటి నుంచి నాలుగైదేళ్ల వయసు దాకా తయారవుతుంది, ఆ వయసులో తాగిన ఫ్లోరైడ్ దాని మీద మచ్చగా మిగులుతుంది. ఆ పళ్లు బయటికి వచ్చేది ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య. అంటే నల్లా వచ్చాక పుట్టిన పిల్లల పళ్లు ఇప్పుడే, మన బడుల్లో, చిన్న తరగతుల్లో చిగుళ్లలోంచి బయటికొస్తున్నాయి. మధ్యలో ఫిల్టర్ నీళ్లు తాగినవాళ్లుంటారు, పొలం దగ్గర బోరు నీళ్లు తాగేవాళ్లుంటారు, నల్లా రాని వాడలుంటాయి. ఆ తేడాలే మనకు కావాలి.

దీనికి లాబొరేటరీ అక్కర్లేదు. డీన్ అనే అమెరికన్ దంతవైద్యుడు పంటి మచ్చలను వరుసగా గుర్తించే పద్ధతిని 1930ల్లోనే తయారుచేశాడు. పగటి వెలుగులో, కళ్లతో చూసి రాసుకునేది. మంచాల, యాచారం, మర్రిగూడ బడుల్లో టీచర్లకు అది నేర్పడానికి ఒక దంతవైద్యుడు రెండు పూటలు కేటాయిస్తే చాలు. ప్రతి పిల్లవాడి పక్కన ఇంట్లో ఏ నీళ్లు తాగుతారో రాయాలి. పిల్లల పేర్లు బయటపెట్టకూడదు, తల్లిదండ్రుల ఒప్పుకోలు తీసుకోవాలి, లెక్క తేలాక ఆ బడిలోనే, ఆ తల్లుల ముందే చదివి వినిపించాలి. వచ్చే జూన్‌లో బళ్లు తెరవగానే ఒక్క మండలంలో మొదలుపెట్టడానికి నేను సిద్ధం. సారు శిష్యుల్లో టీచర్లు చాలామంది ఇక్కడ ఉన్నారు. రిజిస్టర్లో గడులు ఎట్లా గీయాలో సభ అయ్యాక కూర్చొని మాట్లాడుకుందాం.